సైకిల్ లైటు డైరీ: డబ్బా మీది ల్యూమెన్లు, రోడ్డు మీది లక్సులు

ఎందుకు మొదలుపెట్టానంటే

డిసెంబర్లో 300 కిలోమీటర్ల బీఆర్‌ఎం తొక్కాలని పేరిచ్చాను. బీఆర్‌ఎం అంటే పెట్టిన గడువులోపు పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడు. గడువు 20 గంటలు. పొద్దున ఆరింటికి బయల్దేరినా నా వేగానికి సాయంత్రం ఆరయ్యేసరికి ఇంకో వంద కిలోమీటర్లు మిగిలే ఉంటాయి. డిసెంబర్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఆరింటికే చీకటి పడిపోతుంది. అంటే లైటు తక్కువలో తక్కువ ఆరు గంటలు వెలగాలి, అదీ వీధి దీపాలు లేని రోడ్డు మీద. 200 కిలోమీటర్ల రైడుకి గడువు పదమూడున్నర గంటలే కాబట్టి అక్కడ ఏదో ఒక లైటుతో నెట్టుకురావచ్చు. 300 దగ్గర ఆ ఆటలు సాగవు.

ఆన్‌లైన్లో వెతికితే 400 ల్యూమెన్లని ఒకటి, 1,200 అని ఒకటి, 3,000 అని ఒకటి. ధరలు చూస్తే 400 ది అన్నిటికన్నా ఖరీదు, 3,000 ది అన్నిటికన్నా చవక. ఇక్కడే ఏదో తేడా ఉందనిపించింది. కొనేముందు చేతికి దొరికినవన్నీ కొలుద్దామని ఈ డైరీ.

బల్ల మీద ప్రస్తుతం మూడు లైట్లున్నాయి. డబ్బా మీద 3,000 ల్యూమెన్లని రాసుకున్న మూడు కళ్ల లైటు ఒకటి, మా తమ్ముడిది. దాన్ని ‘మూడువేలది’ అందాం. క్లబ్బులో ఒక అన్న అరువిచ్చిన 400 ల్యూమెన్ల లైటు రెండోది, అది ‘నాలుగొందలది’. జర్మనీలో చదువుకుంటున్న మా అక్క కొడుకు సెలవులకొస్తూ తెచ్చినది మూడోది. దాని మీద ల్యూమెన్ అనే మాటే లేదు, 40 లక్స్ అని ఉంది. గోడ మీద వేస్తే పైన కత్తితో కోసినట్టు గీత పడుతుంది కాబట్టి అది ‘గీత లైటు’.

ముందు యూనిట్లు

ల్యూమెన్, కాండెలా, లక్స్ అని మూడు మాటలు. బోరు పైపు పట్టుకుని తోటకి నీళ్లు పెట్టినవాళ్లకి ఇవి వెంటనే తెలుస్తాయి. పైపులోంచి మొత్తం ఎన్ని నీళ్లు వస్తున్నాయో ల్యూమెన్. మూతికి వేలు అడ్డంపెట్టి ఒక్క వైపుకి చిమ్మితే ఆ ధార జోరు కాండెలా. చివరికి పాదులో పడ్డ నీళ్లు లక్స్. అదే పైపు, అవే నీళ్లు. వేలు పెట్టే తీరుని బట్టి పాదు తడుస్తుందో లేదో తేలుతుంది. లైటులో ఆ వేలి పని లెన్సూ రిఫ్లెక్టరూ చేస్తాయి.

లెక్కలో చెప్తే, ఒక చదరపు మీటరు మీద ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. ఒక దిక్కున లైటుకి ఎన్ని కాండెలాలుంటే ఆ దిక్కున మీటరు దూరంలో అన్ని లక్సులు. 10 మీటర్ల దూరంలో వందో వంతు. డైరీ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

డబ్బాని డబ్బాతోనే అడగడం

ఏ పరికరమూ లేకుండా, కాగితం పెన్నుతో చేసిన పని ఇది. నాకైతే అన్నిటికన్నా ఇదే బాగా నచ్చింది.

మూడువేలది డబ్బా మీద మూడు సంగతులున్నాయి: 3,000 ల్యూమెన్లు, 2,000 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్ అవర్ల) బ్యాటరీ, 4 గంటలు. ఇప్పటి ఎల్‌ఈడీలు, లోపలి సర్క్యూట్ నష్టం, అద్దంలో పోయేది అన్నీ కలుపుకుని సైకిల్ లైటుకి వాట్‌కి 100 ల్యూమెన్లు వేసుకుంటే ఉదారంగా వేసుకున్నట్టే. 3,000 ల్యూమెన్లకి 30 వాట్లు కావాలి. బ్యాటరీలో ఉన్నది 2 ఆంపియర్ అవర్లు, 3.7 వోల్టులు, అంటే 7.4 వాట్ అవర్లు. 30 వాట్లు లాగితే పావుగంటలో ఖాళీ. పోనీ 4 గంటలన్నదే నిజమనుకుందాం. 7.4 ని 4 తో భాగిస్తే 1.85 వాట్లు, అంటే 185 ల్యూమెన్లు. 3,000 నిజమైతే 4 గంటలు అబద్ధం, 4 గంటలు నిజమైతే 3,000 అబద్ధం. రెండూ ఒకే డబ్బా మీద, ఒకే రంగు అక్షరాల్లో ఉన్నాయి.

ఇలాంటి లైట్ల ప్రకటనల్లో ‘టీ6’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. క్రీ కంపెనీ ఎక్స్‌ఎం-ఎల్ అనే ఎల్‌ఈడీలో అదొక గ్రేడు కోడు, 700 మిల్లీఆంపియర్ల దగ్గర కనీసం 280 ల్యూమెన్లు ఇస్తుందని దాని అర్థం. అదే ఎల్‌ఈడీని 3 ఆంపియర్ల దాకా తోస్తే వెయ్యికి అటూఇటూ వస్తుంది, పది వాట్ల వేడితో సహా. ఆ పై అంకెని కళ్ల సంఖ్యతో గుణించి డబ్బా మీద వేసేస్తారు. అంత కరెంటు బ్యాటరీ ఇవ్వగలదా, అంత వేడిని ఆ ప్లాస్టిక్ డొక్కు తట్టుకుంటుందా అన్నది కొన్నవాడి తలనొప్పి.

బ్యాటరీ అంకెకీ ఒక హద్దుంది. ఇలాంటి లైట్లలో వాడే 18650 సైజు సెల్ మంచి కంపెనీదైతే 3,500 ఎంఏహెచ్ దరిదాపుల్లో ఆగిపోతుంది. ఒక్క సెల్ మీద 9,900 అని కనిపిస్తే ఇక ఆ పేజీలో మిగతా అంకెలు చదవక్కర్లేదు.

బాత్రూం పరీక్ష

ల్యూమెన్లు కొలిచే అసలు పరికరం లోపల తెల్లరంగు పూసిన పెద్ద గోళం. అది మనకి దొరకదు. తెల్ల టైల్స్ ఉన్న చిన్న బాత్రూం దానికి పేద చుట్టం. లైటుని సీలింగ్ వైపు తిప్పి నిలబెట్టి, కింద ఒక మూల ఫోను పెట్టి, స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గించుకునే సెన్సర్ చూపే లక్సుల్ని యాప్‌లో చదవడం. వెలుగు గోడలకి కొట్టుకుని కలిసిపోతుంది కాబట్టి బీమ్ ఇరుకైనా వెడల్పైనా పెద్ద తేడా రాదు. పోల్చుకోడానికి ఒక ప్రమాణం కావాలి. ఇంట్లో వాడే 9 వాట్ల బల్బు డబ్బా మీద 900 ల్యూమెన్లని ఉంది. వైరుకి హోల్డర్ కట్టి, బల్బు పైకి చూసేలా బకెట్ మీద పెట్టాను.

‘డాడీ, బాత్రూంలో బల్బుతో ఏం చేస్తున్నావ్?’ అని మా అమ్మాయి. తలుపు మూసి ఉంచడమే ఈ పరీక్షకి ముఖ్యమైన షరతు కాబట్టి లోపల్నుంచే జవాబు చెప్పాను.

బల్బుకి ఫోను 62 చూపించింది. మూడువేలది పెట్టగానే 24. అంటే 350 ల్యూమెన్ల చిల్లర. అరగంట ఆగి చూస్తే 15, సుమారు 220. నాలుగొందలది 26, అంటే దాదాపు 380, అరగంట తర్వాతా 25 దగ్గరే నిలబడింది. గీత లైటు 10, సుమారు 145.

ఈ పద్ధతిలో పది, ఇరవై శాతం తప్పు రావచ్చు. బల్బు డబ్బా మీది అంకె ఎంత నిజమో ఇదీ అంతే నిజం. కానీ 3,000 కీ 350 కీ మధ్య తేడా చూడ్డానికి ఇరవై శాతం తప్పు అడ్డు రాదు.

అరగంట ఎందుకు ఆగాలంటే, టార్చిల కోసం 2009 లో అమెరికాలో ఎఫ్‌ఎల్ 1 అని ఒక ప్రమాణం వచ్చింది. అందులో లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు ల్యూమెన్లు కొలుస్తారు. రన్‌టైమ్ మాత్రం మొదటి వెలుగులో పదో వంతుకి పడిపోయేదాకా లెక్క. అంటే ప్రమాణం పాటించిన లైటులో కూడా ‘400 ల్యూమెన్లు, 5 గంటలు’ అంటే 5 గంటలూ 400 అని కాదు. చివరి గంట 60 ల్యూమెన్లతో ఈడ్చినా డబ్బా అబద్ధం చెప్పినట్టు కాదు. నాలుగొందలదానికి సర్క్యూట్ బాగుంది, ఛార్జి తగ్గుతున్నా వెలుగు నిలబెడుతుంది. అన్న దాన్నెందుకు అంత ధర పెట్టి కొన్నాడో అర్థమైంది.

ఇంట్లో గాలి ఆడదు కాబట్టి లైట్లు ఎక్కువ వేడెక్కుతాయి. రోడ్డు మీద ఎదురుగాలికి చల్లబడతాయి. అందుకని టేబుల్ ఫ్యాన్ ముందు పెట్టి మళ్లీ చూశాను. మూడువేలది 15 బదులు 17 దగ్గర ఆగింది. అంతే.

సెల్లార్ గోడ

ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసే మా బావ దగ్గర లక్స్ మీటరు ఉంది. ఫ్యాక్టరీల్లో వెలుగు సరిపోతోందా లేదా చూడ్డానికి వాడతాడు. ‘సైకిల్ లైటుకి మీటరేంది బావా’ అని నవ్వి, రెండ్రోజులకని ఇచ్చాడు. దాని పక్కన పెడితే నా ఫోను మూడో వంతు తక్కువ చూపిస్తోంది. బాత్రూంలో అన్నిటినీ ఒకే ఫోనుతో పోల్చాను కాబట్టి ఆ లెక్కలకి ఢోకా లేదు.

రాత్రి పదకొండు తర్వాత అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దీపాలార్పించి, గోడకి సరిగ్గా 10 మీటర్ల దూరంలో సైకిల్ నిలబెట్టాను. ఆ 10 మీటర్లు జర్మనీ పద్ధతి. అక్కడి వాహన నియమాల ప్రకారం సైకిల్ హెడ్‌లైటుని 10 మీటర్ల దూరంలో అత్యంత వెలుగున్న చోట కొలుస్తారు, లక్సుల్లో. కనీసం 10 ఉండాలి. గీత పైన, లైటు మట్టం నుంచి 3.4 డిగ్రీల ఎత్తులో 2 లక్సులు దాటకూడదు. పాసైన లైటు మీద ఒక వంకర గీత, కె అక్షరం, నంబరు అచ్చు వేస్తారు. మావాడు తెచ్చినదాని మీద అవి ఉన్నాయి. అక్కడ రాత్రిపూట లైటు లేకుండా దొరికితే 20 యూరోల జరిమానా. అందుకే బుష్ అండ్ మ్యూలర్ లాంటి అక్కడి కంపెనీలు 60 లక్స్, 80 లక్స్, 100 లక్స్ అనే అమ్ముకుంటాయి, ల్యూమెన్ల జోలికి పెద్దగా పోరు.

గోడ మీద అత్యంత వెలుగున్న చోట మీటరు చూపినవి: మూడువేలది 9, నాలుగొందలది 31, గీత లైటు 34.

మళ్లీ చదువుకోండి. బాత్రూంలో అన్నిటికన్నా వెనకపడ్డ 145 ల్యూమెన్లది గోడ దగ్గరికొచ్చేసరికి ముందుంది. 350 ల్యూమెన్లది సీలింగ్‌కీ, పార్క్ చేసిన కార్లకీ, నా మోకాళ్లకీ వెలుగు పంచి, గోడకి 9 మిగిల్చింది.

అత్యంత వెలుగున్న చోటి నుంచి 60 సెంటీమీటర్లు పైన, అంటే సుమారు 3.4 డిగ్రీల పైన ఏముందో కూడా చూశాను. ఎదుటివాడి కళ్లుండేది దాదాపు ఆ ఎత్తులోనే. మూడువేలది 7, నాలుగొందలది 11, గీత లైటు 1. ఈలోపు చప్పుడుకి వచ్చిన వాచ్‌మన్ నాలుగొందలదాని ఎదురుగా నిలబడి ‘సార్, కండ్లు పోతున్నయ్’ అన్నాడు. మీటరు చెప్పేదీ అదే.

దూరం సంగతి. మూడువేలది డబ్బా మీద ‘500 మీటర్లు’ అని కూడా ఉంది. ఎఫ్‌ఎల్ 1 లో బీమ్ దూరం అంటే వెలుగు 0.25 లక్స్‌కి, అంటే నిండు పున్నమి వెన్నెలంతకి పడిపోయే దూరం. కాండెలాల వర్గమూలాన్ని రెండుతో హెచ్చిస్తే వస్తుంది. గోడ దగ్గర 9 లక్స్ అంటే 900 కాండెలాలు, వర్గమూలం 30, దూరం 60 మీటర్లు. 500 రావాలంటే 62,500 కాండెలాలు కావాలి.

గోడ వేరు, రోడ్డు వేరు

గోడ నిలువుగా ఉంటుంది, రోడ్డు పడుకుని ఉంటుంది. హ్యాండిల్ బార్ మీద లైటు మీటరు ఎత్తులో ఉందనుకుంటే 10 మీటర్ల దూరంలో వెలుగు ఎంత ఏటవాలుగా పడుతుందంటే, గోడ మీది లక్సుల్లో పదో వంతే రోడ్డుకి దక్కుతుంది. 20 మీటర్ల దగ్గర ఇరవయ్యో వంతు. దూరం వల్ల వెలుగు నాలుగో వంతుకి పడడం, దాని మీద ఈ ఏటవాలు వల్ల మళ్లీ సగం కావడం. రెండూ కలిస్తే దూరం రెట్టింపైనప్పుడు రోడ్డు మీద వెలుగు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నాలుగొందలదాన్ని ముందు 10 మీటర్ల దగ్గరికి, తర్వాత 20 మీటర్ల దగ్గరికి తిప్పి సెల్లార్ నేల మీద మీటరు వెల్లకిలా పెట్టి చూస్తే 2.7, 0.3 వచ్చాయి. లెక్క ప్రకారం 3.1, 0.39 రావాలి. పర్వాలేదు.

ఈ ఎనిమిది అన్న అంకెలోనే గీత లైటు రహస్యమంతా ఉంది. దగ్గరా దూరమూ రోడ్డు ఒకేలా కనిపించాలంటే 20 మీటర్ల వైపు వెళ్లే వెలుగు 10 మీటర్ల వైపు వెళ్లేదానికి ఎనిమిది రెట్లుండాలి. టార్చిలాంటి గుండ్రటి బీమ్‌కి అది సాధ్యం కాదు. దాన్ని దూరానికి తిప్పితే సగం వెలుగు ఆకాశానికి పోతుంది. దగ్గరికి తిప్పితే చక్రం ముందు తెల్లటి మడుగు కట్టి, దాని అవతల అంతా నల్లగా అయిపోతుంది. కన్ను ఆ మడుగుకి అలవాటుపడి దూరపు చీకటిని చూడడం మానేస్తుంది. గీత లైటు రిఫ్లెక్టర్ అత్యంత జోరైన వెలుగుని గీతకి ఆనుకుని కిందే పెట్టి, దగ్గరికొచ్చే కొద్దీ పలచన చేస్తుంది. బాత్రూంలో అది ఎందుకు పేదగా కనిపించిందో, రోడ్డు మీద ఎందుకు చాలుతుందో రెండూ ఇందులోనే ఉన్నాయి.

ఎంత దూరం కనిపిస్తే చాలు? గంటకి 25 కిలోమీటర్లంటే సెకనుకి 7 మీటర్లు. గుంత చూసి బ్రేకు నొక్కడానికి సెకనున్నర, అందులో 10 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 6. మొత్తం 16, 17 మీటర్లు. దిగుడులో 40 దాకా పోతే 32 మీటర్లు. నాకు కావలసింది ఈ రెండు అంకెల మధ్య ఉంది. 500 మీటర్లతో నాకేం పని?

చేవెళ్ల రోడ్డు, శనివారం రాత్రి

పోల్చడానికి మొయినాబాద్ దాటాక చేవెళ్ల వైపు మర్రిచెట్ల రోడ్డు ఎంచుకున్నాను. వెన్నెలున్నా చెట్ల కింద చీకటే. అన్న కూడా వచ్చాడు. లైట్లు మార్చుకుంటూ అదే ముక్క మీద తిరిగాం.

మూడువేలదానితో ముందు చక్రం, రెండు పక్కలా మర్రి ఊడలు, కొమ్మలు అన్నీ కనిపించాయి. చూడ్డానికి భలే ఉంది. రంగు వేయని స్పీడ్ బ్రేకర్ మాత్రం మీద పడేదాకా తెలియలేదు. గీత లైటుతో అదే స్పీడ్ బ్రేకర్ 25 మీటర్ల ముందే నేల మీద నల్లటి అడ్డగీతలా తేలింది. దాని లోపమూ కనిపించింది. గీత పైన ఏమీ కనిపించదు కాబట్టి తల ఎత్తున వేలాడే కొమ్మ, పైనున్న బోర్డు అందవు. మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు చీకటి. ‘దానికి హెల్మెట్ మీద ఒక చిన్న లైటు పెట్టుకో, మలుపులో, పంక్చర్ వేసుకునేటప్పుడు పనికొస్తది’ అన్నాడు అన్న. నిజమే, కానీ రోడ్డు చూడ్డానికి హెల్మెట్ లైటొక్కటే నమ్ముకోకూడదు. కంటి పక్క నుంచే వెలుగు వెళ్తే గుంతలో నీడ కనిపించదు, రోడ్డంతా చదునుగా అనిపిస్తుంది. లైటు ఎంత కింద ఉంటే గుంత నీడ అంత పొడవు. ముందు ఫోర్కు పైభాగంలో బిగిస్తే నీడలు ఇంకా బాగా తేలాయి, కాకపోతే చిన్న గులకరాయి కూడా గొయ్యిలా భయపెడుతుంది. నేను హ్యాండిల్ బార్‌కి కిందివైపు వేలాడదీశాను, రాజీ అన్నమాట.

నాలుగొందలదాన్ని అన్న ఫుల్‌లో కాక మధ్య మోడ్‌లో పెడతాడు. ‘కంటికి పెద్ద తేడా తెల్వదు తమ్మీ, బ్యాటరీకి తెలుస్తది’ అన్నాడు. అన్న మాటలో శాస్త్రముంది. చీకట్లో కన్ను వెలుగుని సుమారుగా ఘనమూలం లెక్కన గుర్తిస్తుంది. రెండింతలు వెలుగనిపించాలంటే అసలు వెలుగు ఎనిమిదింతలు కావాలి. 400 ని 200 చేస్తే కంటికి ఇరవై శాతం తగ్గినట్టుంటుంది, బ్యాటరీ మాత్రం రెట్టింపు కాలం వస్తుంది.

బ్యాటరీ లెక్క

గీత లైటులో ఒక 18650 సెల్, 3,350 ఎంఏహెచ్, అంటే 12 వాట్ అవర్లు. 145 ల్యూమెన్లకి వాటున్నర, 1.8 వాట్లు అనుకుంటే ఆరున్నర నుంచి ఎనిమిది గంటలు. ఫ్యాన్ ముందు వెలిగించి చూస్తే ఏడు గంటలు దాటాక మినుకుమంది. నాకు కావలసింది ఆరు. సరిపోతుంది గానీ పంక్చర్‌కీ ఛాయ్‌కీ ఖాళీ ఉంచుకోవాలి. మంచి సంగతేంటంటే ఇది వెలుగుతూనే ఛార్జి అవుతుంది. మూడువేలది ఛార్జింగ్ వైరు పెట్టగానే ఆరిపోతుంది. కొనేముందు ఈ ఒక్కటీ అడిగి తెలుసుకోవాలి.

పవర్ బ్యాంకు 10,000 ఎంఏహెచ్ తీసుకెళ్తాను. ఆ అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్క. యూఎస్‌బీ 5 వోల్టులకి మార్చి నష్టం తీసేస్తే 6,000 చిల్లరే చేతికొస్తుంది. లైటుకీ ఫోనుకీ చాలు. చక్రంలో తొక్కుతుంటే కరెంటిచ్చే 6 వోల్టులు, 3 వాట్ల డైనమో హబ్ వేసుకుంటే ఈ గోలే ఉండదు, కానీ చక్రం మళ్లీ అల్లించాలి. 600 కిలోమీటర్లు తొక్కే రోజొస్తే చూద్దాం.

వెనక లైటు

ఇక్కడ పని చూడడం కాదు, కనబడడం. చాలా తక్కువ వెలుగు చాలు. బ్రిటన్ 2005 లో సైకిళ్లకి మినుకు లైట్లు ఒప్పుకున్నప్పుడు పెట్టిన కనీస హద్దు 4 కాండెలాలు, నిమిషానికి 60 నుంచి 240 మినుకులు. జర్మనీలో మినుకే కుదరదు. బీఆర్‌ఎంలో నిలకడగా వెలిగే లైటు ఉండాలి. వెనక తొక్కేవాడికి గంటలకొద్దీ ఎర్రటి మినుకు ఎంత నరకమో అనుభవించినవాడికి ఆ నియమం సమంజసంగానే కనిపిస్తుంది.

కొన్న టెయిల్ లైటు మీద 100 ల్యూమెన్లుంది, నేను 20 ల్యూమెన్ల మోడ్‌లో వాడతాను. అంకె కన్నా రెండు సంగతులు ముఖ్యం: పక్కల నుంచి కూడా కనబడాలి, సీటు బ్యాగు దానికి అడ్డు రాకూడదు. సీటు పోస్టు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లైటు నేలకి చూస్తోందా వెనక్కి చూస్తోందా సెల్లార్ గోడ మీద ఒకసారి చూసుకోవాలి. నాది నేలకి చూస్తోంది, మౌంట్ కింద రబ్బరు ముక్క పెట్టి లేపాను. రెండోది చిన్నది, హెల్మెట్ వెనక. వీటితో పాటు రిఫ్లెక్టివ్ వెస్టు ఎలాగూ తప్పనిసరి.

ఇప్పటికి ఖాయమైనవి

ముందు గీత లైటు. దాని పక్కన నాలుగొందలదాని లాంటిదొకటి కొంటున్నాను, దిగుళ్లకీ, గీత లైటు మొరాయిస్తే అత్యవసరానికీ. ఎదురుగా బండి వచ్చినప్పుడు ఆర్పేయాలి కాబట్టి దాని స్విచ్ బొటనవేలికి అందేచోట ఉండాలి. మూడువేలది తమ్ముడికి తిరిగిచ్చేశాను, కరెంటు పోయినప్పుడు హాల్లో సీలింగ్‌కి తిప్పి పెట్టుకుంటే ఇల్లంతా వెలుగు, దానికదే సరైన ఉద్యోగం.

మిగిలిన పనులు: గోడకి 5 మీటర్ల దూరంలో సైకిల్ మీద కూర్చుని, లైటు ఎత్తున సుద్దగీత గీసి, వెలుగు అంచు ఆ గీతకి వేలెడంత కిందుండేలా బిగించాలి. బ్యాగులు తగిలించాక వెనక భాగం కుంగి అంచు పైకి లేస్తుంది కాబట్టి ఈ పని సామానంతా ఎక్కించాకే. బావ మీటరు సోమవారం లోపు ఇచ్చేయాలి.